నాలుగు మోటార్లూ ఒకే మూలలో కాలాయి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖపట్నం కంచరపాలెంలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాను, ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. పంపుసెట్లు, గ్రైండర్లు, మిక్సీలు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే మరబోట్ల డైనమోలు, ఇవీ రోజూ నా బల్ల మీద ఉండేవి. పత్రికకి ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకోగలరు.

ఇంజినీరింగ్ అడ్మిషన్ల రోజులు కదా, పేపర్లో కాలేజీల ప్రకటనలు పేజీలకి పేజీలు వస్తున్నాయి. ఒకదాంట్లో కోట్లు వేసుకుని నవ్వుతున్న పిల్లలు, మధ్యలో ఒక రోబో. అందరూ పిల్లల మొహాలు చూస్తారేమో గానీ నా కళ్లు వైర్ల మీదికి పోయాయి. లావు వైర్లూ సన్న వైర్లూ ఒకే కట్టగా కలిపి, ట్యాగుతో బిగించేసి ఉన్నాయి. ఆ రోబో ఎన్నాళ్లు నడుస్తుందో ఫొటో చూసే చెప్పేయొచ్చనిపించింది. ఆ ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొన్న సంక్రాంతి సెలవులు అయిన వారం, శనివారం సాయంత్రం ముగ్గురు పిల్లలు షాపుకి వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. స్వీట్ల డబ్బాలో నాలుగు చిన్న మోటార్లు పెట్టుకొచ్చారు. "అంకుల్, ఇవి రీవైండింగ్ చేస్తారా?" అని ఆ అమ్మాయి అడిగింది. మూత తీసేసరికి కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది.

ఆ సైజు వాటికి రీవైండింగ్ గిట్టదు. మోటారు లోపల తిరిగే భాగాన్ని ఆర్మేచరు అంటాం, ఇక్కడది బొటనవేలంత, అందులో వెంట్రుక లాంటి తీగ. కొత్తవి కొనుక్కోండమ్మా అన్నాను. "ఇవి కొత్తవే అంకుల్" అంది. రెండు నెలల్లో నాలుగు పోయాయట. గేర్‌బాక్సుతో కలిపి ఒక్కోటి మూడు వేల ఐదొందలు, అంటే పద్నాలుగు వేలు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు "అన్నీ చైనా మాలు బాబాయ్, నాసిరకం" అన్నాడు. మా షాపుకొచ్చే ప్రతి రెండోవాడూ అనే మాటే అది. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో మోటార్లు గుట్టలుగా వచ్చి పడ్డాయి. అందరూ "నీళ్లు పోయి మోటారు పోయింది" అనే తెచ్చారు. తీరా చూస్తే వాటిలో చాలా వాటికి మోటారు బాగానే ఉంది, పోయింది స్టార్టరో స్విచ్చో. కాలినదే కళ్లకి కనపడుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు.

వాళ్లు తయారవుతున్నది కాలేజీ పిల్లలు చేసిన రోబోల మధ్య జరిగే రోబోకాన్ పోటీకి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఆసియా పసిఫిక్ దేశాల ప్రసార సంస్థల యూనియన్ దీన్ని 2002లో టోక్యోలో మొదలుపెట్టింది. మన దేశంలో దూరదర్శన్ జాతీయ పోటీ పెడుతుంది. ఏటా ఆట మారుతుంది. 2022లో ఢిల్లీలో జరిగినప్పుడు పెట్టిన ఆట మన ఏడు పెంకులాటే! చిన్నప్పుడు గెడ్డ పక్కన మేం ఆడుకున్న ఆటని రోబోల చేత ఆడించారని ఆ పిల్లలు చెబితే భలే సరదా వేసింది.

ఇక వాళ్ల రోబో. దానికి నాలుగు చక్రాలు, ఒక్కో చక్రానికి రెండేసి మోటార్లు. ఒకటి చక్రాన్ని దొర్లిస్తుంది. రెండోది చక్రాన్ని ఉన్నచోటే తిప్పి మొహం మారుస్తుంది, దాన్ని స్టీరింగ్ మోటారు అంటున్నారు. నాలుగు చక్రాలూ ఒకేసారి పక్కకి తిరిగితే రోబో ముందుకి చూస్తూనే పక్కకి నడుస్తుంది, బీచ్‌లో పీతలు నడిచినట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాలిన నాలుగూ స్టీరింగ్ మోటార్లే.

గిరాకీ లేదు, కాలక్షేపంగా ఉంటుందని ఒక మోటారు విప్పాను. ఆర్మేచరు మీద రాగి ముక్కలతో ఒక రింగు ఉంటుంది, కమ్యుటేటర్ అంటాం. కరెంటు అందించే బ్రష్షులు దాని మీదే రాసుకుంటూ ఉంటాయి. తిరుగుతూ తిరుగుతూ కాలిన మోటారులో ఆ రింగు చుట్టూ ఒకేలా నల్లబడుతుంది. దీనిలో అలా లేదు. రెండే రెండు చోట్ల, సరిగ్గా ఎదురెదురుగా నల్లటి మచ్చలు, మిగతా రాగి కొత్త పైసాలా మెరుస్తోంది. రెండోది విప్పాను, అదే. నాలుగూ విప్పాను. నాలుగింటిలోనూ అవే మచ్చలు.

"ఇవి తిరుగుతూ కాలలేదమ్మా, నిలబడి కాలాయి" అన్నాను. బ్రష్షులు ఒకే చోట ఆగి ఉండగా కరెంటు పోతూనే ఉంటే పడే మచ్చలవి. "ఏ చక్రానివి?" అంటే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగూ ముందు ఎడమ చక్రానివేనట. మిగతా మూడు మూలల్లో మొదట బిగించిన మోటార్లే ఇప్పటికీ ఉన్నాయి, కొన్నది కూడా ఒకే షాపులో.

ఒకే మూలలో వరసగా నాలుగు మోటార్లు పోతే తప్పు మోటారుదెలా అవుతుంది? ఈ ప్రశ్న వాళ్లకి రెండు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. పోగానే కొత్తది బిగించారు, అంతే. నాకు కోపం వచ్చింది, ఆ పిల్లల మీద కాదు.

మర్నాడు ఆదివారం నా టంగ్ టెస్టరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు), ఒక లారీ హెడ్‌లైటు బల్బు, సాల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని వాళ్ల కాలేజీకి వెళ్లాను. కాలేజీ పేరు రాయను. ల్యాబు తాళం కోసం గంటన్నర కూర్చున్నాం. లోపల ఏసీ ఉంది, త్రీడీ ప్రింటరు ఉంది, గోడంత తెర ఉంది. టంగ్ టెస్టరు కూడా ఉందన్నారు. చూస్తే అది ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు మాత్రమే కొలిచే రకం. బ్యాటరీ నుంచి పోయే డీసీ కరెంటుకి అది సున్నానే చూపిస్తుంది. ఆ సున్నా చూసి పిల్లలు "మోటారు అసలు కరెంటే తీసుకోవడం లేదు" అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు! డీసీ కొలిచేది వేరే ఉంటుందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

మొదట చేసిన పని మోటార్లు అటూ ఇటూ మార్చడం. ముందు ఎడమ మోటారు తీసి వెనక కుడికి, అక్కడిది ఇక్కడికి. జబ్బు మోటారుతో పాటు వెళ్తే మోటారుదే తప్పు, అక్కడే ఉండిపోతే ఆ మూలలో ఇంకేదో ఉన్నట్టు. మీటరు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, పావుగంట పని. తర్వాత అలాగే మోటార్లకి కరెంటు ఇచ్చే డ్రైవరు బోర్డులు మార్చాం. రోబోని రెండు స్టూళ్ల మీదికి ఎత్తి చక్రాలు గాలిలో ఉంచి నడిపితే అన్నీ చక్కగా తిరిగాయి. నేలకి దించి, స్పీడు తగ్గించి, ఒక అబ్బాయి చెయ్యి స్విచ్చి మీద పెట్టి నడిపించాం. ఎడమకి పూర్తిగా తిప్పేసరికి మళ్లీ ఆ మూలే మొరాయించింది.

అప్పుడు ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ చూస్తూ "అంకుల్, చక్రం తిరుగుతోంది గానీ నంబరు ఆగిపోయింది" అంది.

అక్కడ దొరికింది దొంగ. మోటారు తోక దగ్గర ఎన్‌కోడర్ అని చిన్న బిళ్ల ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టి బోర్డుకి చెప్పడం దాని పని. దానికి నాలుగు సన్న వైర్లు: రెండు కరెంటుకి, రెండు లెక్కకి. లెక్క వైర్లు రెండింటిలో ఒకటి ఊడినా సరే, లెక్క ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి ఊగుతూ అక్కడే ఉండిపోతుంది. చక్రం ఎంత తిరిగినా బోర్డుకి మాత్రం అది కదలనట్టే ఉంటుంది. ఇంకా తిరుగు, ఇంకా తిరుగు అని కరెంటు తోస్తూనే ఉంటుంది. చక్రం వెళ్లి అడ్డంగా పెట్టిన బోల్టుకి తగిలి ఆగిపోతుంది. బోర్డు ఆగదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లెక్కలు ఆ పిల్లలకి నాకన్నా చాలా బాగా వచ్చు. తిరిగే మోటారు తనకి తానే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుందని, దాన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారని ఆ అమ్మాయి గడగడా చెప్పేసింది. "మరి చక్రం బోల్టుకి తగిలి ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజీ ఎంత?" అన్నాను. "సున్నా." "అయితే కరెంటుని ఆపేదేది?" కాసేపు మాట్లాడలేదు. మీటరు పెట్టి వైండింగ్ కొలిచింది, 1.2 ఓములు. బ్యాటరీ 24 వోల్టులు. "ఇరవై ఆంపియర్లు అంకుల్!" మామూలుగా ఆ మోటారు తీసుకునేది మూడు ఆంపియర్లు. వేడి లెక్క కూడా తనే వేసింది: మూడు ఆంపియర్లప్పుడు తీగలో పుట్టేది 11 వాట్లు, ఇరవై ఆంపియర్లప్పుడు 480. పిడికెడు మోటారులో ఇస్త్రీపెట్టెలో సగం వేడి! పరీక్షలో ఆ సూత్రం పది సార్లు రాసి ఉంటుంది. అది తన చేతిలో ఉన్న మోటారు గురించేనని ఆ పూటే తెలిసింది.

సన్న వైర్లని ప్లగ్గు దగ్గర ఒక్కొక్కటే రెండు వేళ్లతో మెల్లగా లాగమన్నాను. పసుపు వైరు చేతికి వచ్చేసింది. పిన్నుని కటింగ్ ప్లయరుతో నొక్కారు. అది రాగిని పట్టుకోలేదు, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగుని పట్టుకుంది. దానికి తోడు ఈ సన్న వైర్లని చక్రంతో పాటు ఊగే లావు వైరుకి కలిపి ట్యాగు వేశారు. చక్రం ఎడమకి పూర్తిగా తిరిగినప్పుడల్లా లావు వైరు సన్న వైరుని లాగుతుంది, పిన్ను వదులై కాంటాక్టు పోతుంది. వెనక్కి తిరగ్గానే మళ్లీ తగులుతుంది. అందుకే ఆగి ఉన్నప్పుడు మీటరు పెడితే వైరు తెగలేదన్నట్టు బీప్‌మంది. బీప్ పరీక్షని నమ్మకూడదని నేను హార్బర్ పనుల్లో నేర్చుకున్నాను. లావు కేబుల్లో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు బీప్‌మంటుంది, లోడు వెయ్యగానే చేతులెత్తేస్తుంది.

అందుకే లారీ బల్బు తీసుకెళ్లాను. లారీల్లో ఉండేది 24 వోల్టులే, ఆటోనగర్‌లో ఏ షాపులో అడిగినా దొరుకుతుంది. మోటారు విప్పి దాని వైర్లకి ఆ బల్బు తగిలిస్తే మూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు పొడవునా ఊపుతూ పోవాలి. ఎక్కడ ఊపితే వెలుగు తగ్గిందో అక్కడ జబ్బు ఉన్నట్టు. ఈ పరీక్షలో ముందు ఎడమ మూల లావు వైర్లు బాగానే ఉన్నాయి గానీ, వెనక కుడి ప్లగ్గు దగ్గర బల్బు మందంగా వెలిగింది. మీటరు పెడితే ఆ ఒక్క ప్లగ్గులోనే మూడు వోల్టులు పోతున్నాయి. విప్పితే ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది, రాగి మీద పచ్చటి చిలుము. పాత బ్యాచ్ వాళ్లు రెండేళ్ల కిందట వేసిన వైరట. మన ఊరి గాలి సంగతి తెలిసిందే, సముద్రం పక్కన విప్పి వదిలేసిన రాగి ఎన్నాళ్లు ఎర్రగా ఉంటుంది? అలాగే వదిలేస్తే ఆ ప్లగ్గే కాలిపోయేది, అప్పుడూ చైనానే తిట్టేవారు.

మూడో మూలలో ఇంకో చిన్న తిరకాసు. ఇరుసు మీద పళ్లచక్రాన్ని పట్టుకునే గ్రబ్ స్క్రూ వదులైంది, మోటారు తిరుగుతుంది, చక్రం కొంత జారుతుంది. ఇది కంటికి కనపడదు. ఇరుసు మీదా పళ్లచక్రం మీదా కలిపి ఒక గీత గీస్తే జారినప్పుడు గీత రెండు ముక్కలవుతుంది. నేను షాపులో ఎర్ర పెయింటు వాడతాను. ఆ అమ్మాయి బ్యాగులోంచి గోళ్ల రంగు తీసి నాలుగు మూలలా గీసేసింది. నా పెయింటు కన్నా అదే తొందరగా ఆరింది.

ఫ్యూజు మాట అడిగితే బ్యాటరీ దగ్గర నలభై ఆంపియర్లది ఒకటుందని చూపించారు. ఇరవై ఆంపియర్లకి కాలిపోయే మోటారుకి నలభై ఆంపియర్ల ఫ్యూజు ఏం కాపలా కాస్తుంది? కార్లలో వాడే గోధుమరంగు బ్లేడు ఫ్యూజులు, ఏడున్నర ఆంపియర్లవి, ఒక్కో స్టీరింగ్ మోటారుకి ఒక్కోటి పెట్టించాను. శ్రీకాకుళం కుర్రాడు ప్రోగ్రాంలో ఇంకో కాపలా పెట్టాడు: కరెంటు ఇచ్చాక అర సెకను దాకా లెక్క కదలకపోతే ఆ మోటారుని ఆపేసి ఎర్ర లైటు వెలిగించడం. ఆ ఆలోచన వాడిదే, నేను చెప్పలేదు. సన్న వైర్లని లావు వైర్ల నుంచి విడదీసి వేరే దారిన తీసుకెళ్లాం. ఊగే చోట కాస్త సడలు వదిలాం. చీకటిపడే వేళకి అయింది.

ఇంతకీ నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ పిన్నుని ప్లయరుతో ఎందుకు నొక్కారని అడిగాను. పిన్నుని వైరుకి సరిగ్గా నొక్కే క్రింపింగ్ టూలు లేదు. రెండు వేలకి వస్తుంది. నవంబరులోనే రాసిచ్చారట. అది పరికరం కింద రాయాలా, సామాను కింద రాయాలా అన్నది తేలక కాగితం వెనక్కొచ్చింది. మోటారుకి మాత్రం నాలుగు సార్లూ బిల్లు వారం లోపల పాసైంది. రెండు వేల టూలు కొనకుండా పద్నాలుగు వేల మోటార్లు కాల్చారు, ఆ లెక్క ఏ ఆడిట్‌లోనూ కనపడదు. ల్యాబులో ఒకప్పుడు టెక్నీషియన్ ఒకాయన ఉండేవారట. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీ. ల్యాబు చూసే లెక్చరరు గారు మంచివారే, మధ్యాహ్నం వచ్చి మాతోనే కూర్చున్నారు. ఆయనకి రోజుకి నాలుగు క్లాసులు, పైన అక్రెడిటేషన్ ఫైళ్లు. వైరు పట్టుకునే తీరిక ఆయనకెక్కడిది? ఇది ఆ ఒక్క కాలేజీ కథే అయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఆ పిల్లలు చెప్పారని తర్వాత ఇంకో రెండు కాలేజీల వాళ్లు నా దగ్గరికి వచ్చారు, కాలిన మోటార్లు సంచుల్లో వేసుకుని.

మా ఐటీఐ రోజుల్లో ఇన్‌స్ట్రక్టరు గారు ఒక పని చేసేవారు. మేం టీకి వెళ్లినప్పుడు స్టార్టరు బోర్డులో ఏదో ఒక దొంగపని చేసి పెట్టేవారు. కాంటాక్టుల మధ్య కాగితం ముక్క దూర్చడం, ఒక వైరు లోపల తెంపి పైకి మామూలుగా ఉంచడం. అరగంటలో పట్టుకోవాలి. మొదటి వారం నేను మూడుసార్లు కాయిల్ మార్చి చీవాట్లు తిన్నాను. ఇంజినీరింగ్‌లో ఇలాంటి పరీక్ష ఉందా అని ఆ పిల్లలని అడిగితే లేదన్నారు. ప్రయోగం పనిచేస్తేనే మార్కులు, పనిచేయకపోతే పక్క బ్యాచ్ రీడింగులు వేసుకుంటారట. నవ్వుతూనే చెప్పారనుకోండి.

మీ పత్రిక ద్వారా కాలేజీల వాళ్లని అడిగేది ఒకటే. ఈ ఊళ్లో షిప్‌యార్డు, పోర్టు, స్టీల్ ప్లాంటు, డాక్‌యార్డు, లోకో షెడ్డు ఉన్నాయి. వాటిలో ముప్పై నలభై ఏళ్లు మోటార్లతో కుస్తీ పట్టి రిటైరైన ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు గాజువాకలో, మల్కాపురంలో, మర్రిపాలెంలో వీధికి ఇద్దరున్నారు. పొద్దున వాకింగ్, మధ్యాహ్నం టీవీ. వాళ్లలో ఒకరిని వారానికి ఒక్క పూట ల్యాబుకి పిలవండి, ఆటో ఛార్జీ, టీ ఇవ్వండి చాలు. ఏం చెయ్యాలో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. డిగ్రీ లేదని గుమ్మం దగ్గరే ఆపకండి. ఆ ఆదివారం సెక్యూరిటీ అబ్బాయి నన్ను "ఏ కంపెనీ సర్వీసు ఇంజినీరు?" అని రిజిస్టరులో రాయమన్నాడు. ఏం రాయాలో తెలియక "మోటారు బాబాయ్" అని రాశాను.

పోయిన వారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ప్రాక్టీసులో స్టీరింగ్ మళ్లీ ఆగిందట, ఈసారి వెనక ఎడమ. టెన్షన్ పడకుండా ముందు మోటార్లు అటూ ఇటూ మార్చి చూశారట. వైరు తెగింది, ఫ్యూజు పోయింది, మోటారు బాగుంది. ఫ్యూజు పది రూపాయలు.

నా షాపుకి మంగళవారం సెలవు. ఆ రోజు ఏ కాలేజీ పిల్లలు పిలిచినా వస్తాను. టంగ్ టెస్టరు నేనే తెచ్చుకుంటాను, ల్యాబు తాళం మాత్రం ముందే తీసి ఉంచండి.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
కంచరపాలెం, విశాఖపట్నం.